ఛాయ్ ఒలకని బండి

ఆ రోజుల్లో నా తెలివి మీద నాకున్న నమ్మకం ఇప్పుడు దేని మీదా లేదు. డిగ్రీ అయిపోయి, బోధన్ బజార్లో మా బాపు నడిపే మోటార్లు, పైపుల దుకాణంలో గల్లా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న కొత్త. బజారంతా నన్ను 'చోటా సేఠ్' అని పిలిచేది. (ఆడపిల్లను పట్టుకుని సేఠ్ అనడమేమిటని అమ్మ కోప్పడేది గానీ, ఆ పిలుపు వినబడ్డప్పుడల్లా నేను మాత్రం మెడ ఇంకాస్త ఎత్తి కూర్చునేదాన్ని.) కొత్తిమీర కట్ట మొదలు బంగారు గొలుసు దాకా నేను బేరమాడని వస్తువు లేదు. బస్సు టికెట్టుకు కూడా బేరమాడానని మా వాడకట్టులో ఒక కథ తిరుగుతుండేది. అది పచ్చి అబద్ధం. నేను బేరమాడింది టికెట్టుకు కాదు, లగేజీకి.

బేరంలో మా ఇంటికి ఒక పద్ధతి ఉంది. అది గల్లా ముందు కూర్చుని నేర్చుకున్నది. పైపు కొనడానికి వచ్చిన మనిషి దాన్ని నిమిరి, మెచ్చుకుని, కంపెనీ పేరు అడిగాడంటే ఛాయ్ తాగి వెళ్ళిపోతాడని లెక్క. అదే గోటితో గీకి, "గిదేం పైపు సేఠూ, ఒక్క ఎండకాలం ఆగుతదా?" అని తిట్టిపోశాడంటే, వాడు కొనకుండా పోడు. కాబట్టి మేము కొనడానికి వెళ్ళినప్పుడు నచ్చినదాన్ని తిట్టాలి, నచ్చనిదాన్ని పొగడాలి. దీనికి బాపు ఇంకో కట్టుబాటు కూడా పెట్టాడు. "బేరం తెగేదాంక నచ్చింది అన్న మాట మనలో మనం గూడ అనుకోవద్దు బిడ్డా. నోట్లెకొస్తే మొఖం మీదికొస్తది. మొఖం మీదికొస్తే ధర మీదికొస్తది." ఇద్దరం కలిసి సరుకు కొనడానికి వెళితే ఒకరి తిట్లు విని ఒకరం మనసు తెలుసుకునేవాళ్ళం. మాకు అదే భాష, అందులో మాకు ఎప్పుడూ తేడా రాలేదు. అప్పటిదాకా.

బాపుకు బతుకులో ఒక్కటే విలాసపు కోరిక ఉండేది. ఏండ్ల తరబడి పాత జీపులో పైపుల మధ్య ఒదిగి కూర్చుని ఊరూరా తిరిగి నడుము అరగదీసుకున్న మనిషి ఆయన. ఒకసారి ఇందల్వాయి దగ్గర ఆ జీపు మొరాయిస్తే, అటుగా పోతున్న ఎవరో పెద్దమనిషి తన పొడుగాటి కారులో నిజామాబాద్ దాకా తెచ్చి దింపాడట. ఆ కారు ఏ కంపెనీదో, ఏ రంగుదో బాపుకు గుర్తు లేదు. వెనక సీటు మాత్రమే గుర్తుంది. "కూసున్ననా, గీ నడుము నాదేనా అనిపించింది. చేతిల నిండు ఛాయ్ గిలాస పట్టుకున్నా బొట్టు ఒలకకపాయె" అని ఆ ప్రయాణాన్ని వచ్చినవాడికీ పోయినవాడికీ చెప్పేవాడు. బైపాస్ పక్కనున్న మా పాత జాగ అమ్ముడుపోయిన ఏడాది, గల్లాపెట్టె మూసి తన నిర్ణయం ప్రకటించాడు. "అసొంటి బండి కొంట. బతుకుల ఒక్కటేసారి. మళ్ళ కొనేది లేదు, గందుకే తప్పు కావద్దు." తప్పు కాకుండా చూసే బాధ్యత సహజంగానే చోటా సేఠ్ మీద పడింది.

ఫోన్లో వీడియోలు చూసి చూసి రెండు బండ్లు తేల్చాను. రెండూ జర్మనీవే, రెండూ ఒకదాన్ని చూసి ఒకటి మూతి తిప్పుకునేవే. ఒకటి నల్లది, ఒకటి వెండిరంగుది. కాగితం మీద పెట్టి ఎటు తిప్పినా సమానంగానే తూగాయి. ఇంజను బలం ఎంతో చెబితే బాపు కళ్ళు మూసుకుని, "మన బోరు మోటార్లు ఎన్ని కలిపితే గంత?" అని అడిగాడు. చెప్పాను. "గన్ని మోటార్లు పెడితే చెర్వు ఖాళీ అయితది కదనే!" అని మురిసిపోయాడు. చూడటానికి హైదరాబాద్ పోదామంటే మాత్రం ససేమిరా అన్నాడు. "మనం వాళ్ళ దుకాణానికి పోతే మనం గిరాకీ. వాళ్ళు మన దుకాణానికొస్తే వాళ్ళే గిరాకీ." ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, రెండు కంపెనీలకూ ఫోన్ చేసి, రెండు బండ్లనూ ఒకే రోజు బోధన్‌కు రప్పించాను. పొద్దున నల్లది, పగటీలి, అంటే మధ్యాహ్నం, వెండిది.

నల్లది వచ్చి మా దుకాణం ముందు, చెరకు ట్రాక్టరుకూ పాలిథిన్ పైపుల చుట్టలకూ మధ్య ఆగింది. తెచ్చినవాడు టై కట్టుకున్న కుర్రవాడు. బజారంతా వచ్చి చుట్టూ నిలబడి అద్దాల్లో మీసాలు సరిచేసుకుంది. నేను స్టీరింగ్ ముందు, టై బాబు నా పక్కన, బాపు వెనక సీట్లో. బాపు చేతిలో అంచుదాకా నింపిన ఛాయ్ గ్లాసు.

"సార్, లోపల టీ..." అని టై బాబు నసిగాడు.

"ఛాయ్ తాగరాని బండిల నేనేం కూసుంట బాబూ?" అన్నాడు బాపు.

నిజామాబాద్ రోడ్డు మీద, మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ దాటి కొంత దూరం పోయి వెనక్కి వచ్చాం. ఆ బండి ఎలా నడిచిందో చెప్పడం నా వల్ల కాదు. స్టీరింగ్ మీద వేలు పెడితే చాలు, నా మనసు కనిపెట్టి తిరిగింది. దార్లో ఉన్న స్పీడు బ్రేకర్లన్నీ ఎవరో ముందే వచ్చి ఎత్తుకుపోయారా అనిపించింది. ఆ మైకంలో నేను చేయవలసిన పని, అంటే దాన్ని నోరారా తిట్టడం, పూర్తిగా మరిచిపోయాను. బాపు నోట కూడా ఒక్క తిట్టు రాలేదు.

దుకాణం ముందు దిగీ దిగగానే ఒక రైతు కాలిపోయిన మోటారు భుజాన వేసుకుని వచ్చాడు. అతనికి కొత్తది చూపించడానికి నేను వెనక గోదాములోకి వెళ్ళాను. ఇక వచ్చి తిట్లు మొదలుపెడదాం, డిక్కీతో మొదలుపెట్టాలా రంగుతో మొదలుపెట్టాలా అని ఆలోచించుకుంటూ తిరిగి వచ్చేసరికి, బాపు టై బాబు భుజం మీద చెయ్యేసి అంటున్నాడు: "మస్తు బండి తెచ్చినవ్ బాబూ. ఏం సీట్లు, ఏం నడక! గిసొంటి బండి మా జిల్లాల ఎవ్వనికి లేదు."

మా భాషలో దానికి ఒక్కటే అర్థం. బాపుకు నల్లది నచ్చలేదు. కొనేది ఆయన, నడుము ఆయనది, కోరిక ఆయనది. నాకు నచ్చితే ఏం లాభం? స్టీరింగ్ మీద నా వేలిముద్రలను చున్నీతో తుడిచి, టై బాబుకు ఛాయ్ తాగించి సాగనంపాం.

పగటీలి వెండిది వచ్చింది. తెచ్చినాయన వయసు మళ్ళినవాడు. ఆయనకన్నా ముందు ఆయన అత్తరు వాసన దిగింది. బాపుకు ఈ బండిని మంచి బేరంతో ఇప్పించి తీరాలని నిశ్చయించుకుని, ఎక్కకముందే మొదలుపెట్టాను. "గిదేం రంగు సార్, మా అల్యూమినియం బిందె లెక్కుంది?" తలుపు వేసి, "డబ్బా సప్పుడు." స్టీరింగ్ తిప్పి, "పట్టుకుంటే చెయ్యి గుంజుతున్నది." పొద్దున వాడకుండా మిగిలిపోయిన తిట్లన్నీ దాని మీదే ఖర్చు పెట్టాను. అత్తరు సారు ప్రతిదానికీ, "మేడమ్, ఇది మీరు ఫీల్ అవ్వాలి" అంటూ చెమట తుడుచుకున్నాడు. బాపు వెనక సీట్లోంచి నా వైపు కాసేపు వింతగా చూసి ఊరుకున్నాడు. ఫ్యాక్టరీ దగ్గర మొదటి స్పీడు బ్రేకరు ఎక్కి దిగామో లేదో, వెనకనుంచి "అబ్బా!" అని కేక. అద్దంలో చూస్తే బాపు తెల్లంగి మీద గ్లాసెడు ఛాయ్.

"సూసినవా సార్, మీ బండి ఛాయ్ తాగనియ్యది! నడుము గూడ జల్లుమన్నది!" అని అందుకున్నాడు బాపు. అక్కణ్ణుంచి దుకాణం దాకా ఇద్దరం పోటీలు పడి దాన్ని ఉతికి ఆరేశాం. నాకైతే బాపు మీద గౌరవం రెట్టింపయింది. (ఎంత నటన! బేరం కోసం వేడి ఛాయ్ కూడా మీద పోసుకున్నాడు! సేఠ్ అంటే ఈయన కదా అనుకున్నాను.)

ఇక బేరం. అత్తరు సారు గల్లా ముందు స్టూలు మీద కూర్చుని, "సార్, మా కంపెనీలో బేరాలుండవు" అన్నాడు. బాపు సరేనని తలూపి, నాతో, "బిడ్డా, షట్టర్ సగం దించు. తినే యాళ్ళయింది" అన్నాడు. సగం దించాను. సగం దించిన షట్టరు కింద ధర చెప్పేవాడి గొంతు దానంతట అదే సన్నబడుతుందని మాకు తెలుసు. ఆయన ఫోన్ పట్టుకుని బయటికీ లోపలికీ వంగి వంగి తిరిగాడు. వంగిన ప్రతిసారీ ధర కూడా ఆయనతో పాటు కొంత వంగింది. అది ఇక వంగదని తేలాక పై సామాన్ల మీద పడ్డాను. మ్యాట్లు, కవరు, ఇంకా తలుపు సందులో పెట్టుకునే నల్లటి గొడుగు. గొడుగు బండితో పాటే వస్తుందని ఆయన మొత్తుకున్నా వినకుండా, ఇంకో గొడుగు రాయించుకున్నాను. బజారులో మా పరువు ఆకాశాన్నంటింది. ఇంటికి వెళ్ళాక అమ్మ అడిగింది, "ఇంతకూ బండి మంచిగున్నదా?" అని. బేరం తెగింది కనుక పొగడటానికి ఇక అడ్డు లేదు. "మస్తుగున్నది!" అన్నాం ఇద్దరం ఒక్కసారే, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ.

ఆ బండిలో ఏండ్లు తిరిగాం. పోచంపాడ్ డ్యామ్ గేట్లు ఎత్తారంటే అక్కడికి పోయి నీళ్ళు చూసి, వేయించిన చేపలు తిని వచ్చేవాళ్ళం. దార్లో ఎక్కడ ఆగినా బాపు బండిలో తాగడానికి సగం ఛాయే చెప్పేవాడు. షుగరు భయమేమో అనుకునేదాన్ని. నేను నడిపేదాన్ని, ఆయన వెనక కూర్చునేవాడు, "ఎట్లున్నది బాపూ?" అంటే "మస్తు" అనేవాడు. ఆయన ఆ మాటన్నాడంటే, నా చెయ్యి గుంజుతున్న స్టీరింగ్ కూడా నాకు తేలికయ్యేది.

ఈ మధ్యనే బండికి వయసొచ్చిందని అమ్మకానికి పెట్టాం. మాక్లూర్ నుంచి ఒక పసుపు రైతు దుకాణానికి వచ్చాడు. రాగానే టైరును కాలితో తన్ని, "గీ బండి పొట్ట మా తొవ్వల తాకుతది సేఠూ. సీట్లు గూడ కూలబడ్డయ్" అని మొదలుపెట్టాడు. మంచి గిరాకీ అని నాకు అర్థమైంది. అమ్మేటప్పుడు పొగడటం బాపు వంతు. కానీ ఆ రోజు ఆయన పొగిడిన తీరు నేను ఎప్పుడూ వినలేదు. "గిది బండి కాదు పటేలా, ఇంట్ల మనిషి. నా బిడ్డ ముచ్చటపడి ఏరుకున్నది" అంటూ బానెట్ నిమురుతున్నాడు. ఇంత ప్రాణమైన బండిని ఈయన దగ్గర్నుంచి ఎలా లాక్కోవడం? నేను అడ్డం పడి, "ఏమనుకోకు పటేలా, మేం అమ్మం" అనేశాను. అతను నన్ను ఎగాదిగా చూసి వెళ్ళిపోయాడు.

"పిచ్చి లేసిందానే? బంగారమసొంటి గిరాకీ!" అన్నాడు బాపు.

"నీకు అంత ఇష్టమైన బండి గద బాపూ, ఎట్ల అమ్ముదుం?"

"నాకా?" బాపు నోరు తెరిచాడు. "ఇష్టపడ్డది నువ్వు గదా! నాకు నల్లదే నచ్చె."

"నల్లదాన్ని నువ్వు పొగిడినవ్! నా చెవులార విన్న!"

అప్పుడు చెప్పాడు, ఇన్నేళ్ళకు. నేను గోదాములో ఉండగా బాపు నల్లదాన్ని కమ్మగా తిట్టడం మొదలుపెట్టాడట. టై బాబు కాసేపు విని, చేతులు కట్టుకుని, "కాకా, మాది బైంసా దిక్కు. మా బాపుది బట్టల దుకాణం. నచ్చినయే తిడతరని నాకు ఎర్కే" అన్నాడట. పట్టుబడిపోయిన బాపు మాట తిప్పేసి పొగడ్తలు అందుకున్నాడు. నేను తిరిగి వచ్చింది సరిగ్గా అప్పుడే.

"మరి మళ్ళ నాకెందుకు చెప్పలె?"

"ఏం చెప్తనే? నువ్వు నల్లదాన్ని ఒక్క మాట తిట్టకపోతివి. వెండిదాన్ని దుమ్ము దులిపితివి. నడిపేది నా బిడ్డ, ఆమెకు నచ్చింది, నా నడుముదేమున్నది తియ్ అనుకున్న. గందుకే సగం ఛాయ్ అలవాటు చేసుకున్న."

"నేను తిట్టుడు మరిచిపోయిన బాపూ! నాకు గూడ నల్లదే నచ్చె" అన్నాను. మాకు అన్నం డబ్బా తెచ్చి, దుకాణం గుమ్మంలోంచి అంతా విన్న అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది. "ఇద్దరు సేఠ్‌లు కలిసి, ఇద్దరికి నచ్చని మాలు మీకు మీరే అమ్ముకున్నరు! పైగా రెండు గొడుగులు!"

పసుపు రైతు ఫోన్ నంబరు కూడా తీసుకోలేదని నేను తల పట్టుకుంటే, బాపు తాపీగా కండువా దులిపాడు. "గంత తిట్టినోడు యాడికి పోతడు? మూల మీద ఛాయ్ తాగుతుంటడు, పిలువు." నిజంగానే అక్కడే ఉన్నాడు. సాయంత్రానికి బేరం తెగింది. బండి మా బజారు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా బాపు మెట్టు మీదే నిలబడి, "మంచి బండే బిడ్డా" అన్నాడు. ఏ భాషలో అన్నాడో నాకు తెలియలేదు. బేరం అయిపోయాక అన్నాడు కాబట్టి నిజమే అనుకుందామంటే, కొన్ననాడు "మస్తు" అన్నది కూడా బేరం అయిపోయాకే మరి.

ఆ క్షణంలో నాకు ఆ చోటా సేఠ్ గుర్తొచ్చింది. షట్టరు సగం దించి, రెండో గొడుగు గెలుచుకుని, బాపుకు బతుకంతటి కోరిక తీర్చానని మెడ ఎత్తుకుని తిరిగిన పిల్ల. ఆ పిల్లను పిలిచి నిజం చెప్పాలనిపించలేదు. దానికి బదులు బాపు పక్కన నిలబడి, ఖాళీ అయిన రోడ్డును చూస్తూ, ఆ బండిని తిట్టడం మొదలుపెట్టాను. ఏం బండి బాపూ, ఒక్కనాడు సక్కగ ఛాయ్ తాగనిచ్చిందా? బిందె రంగు, డబ్బా సప్పుడు, పోచంపాడ్ పోయిన ప్రతిసారి సీట్లకు చేపల వాసన... తిట్లన్నీ అయిపోయేదాకా తిట్టాను.

బాపు అంతా విన్నాడు. తర్వాత మెల్లగా నా తల మీద చెయ్యేసి అడిగాడు: "గంతగనం నచ్చిందా బిడ్డా?"