తెరచాప బండి, ఎడమ మీట

రిటైరైన మగవాళ్ళు పేపరు తిరగేస్తారు, మందుల గురించి మాట్లాడుకుంటారు. మా ఆయన మాత్రం ఒడిశా బరంపురంలో మా ఇంటి వరండా నిండా పైపులూ చక్రాలూ పరిచి, తెరచాప బండి చేశారు. ఎక్కడో విదేశాల్లో ఇసుక మీద నడుపుతుంటే ఫోనులో చూశారట. మూడు చక్రాలు, నడుమెత్తు కర్ర, దానికి నా గొడుగు బట్ట విప్పి కుట్టిన చాప. ఇంజను లేదు, గాలే తోయాలి. మనిషి ఎక్కేది కాదు, చేతిలో ఒక రిమోటు పట్టుకుని నడపాలి. కుడి మీట ముందు చక్రాన్ని తిప్పుతుంది. ఎడమ మీట తెరచాపది. దాన్ని మన వైపు లాగితే బండిలోని చిన్న మోటారు తాడును చుట్టుకుని చాపను బిగిస్తుంది. ముందుకు తోస్తే తాడు వదులవుతుంది.

"వానాకాలం ముందర నా గొడుగే దొరికిందేటి మీకు?" అని వీధంతా వినపడేలా అరిచాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ గోపాలపూర్ బీచిలో జనం లేని చోట ఆ బండి రివ్వున పరిగెడుతుంటే, దాని వెనకాల పంచె ఎగ్గట్టి ఆయనా పరిగెట్టారు. అంత సంతోషం ఆయన మొహంలో మా పెళ్ళిలో కూడా చూడలేదు. ఇంక గొడుగు సంగతి ఎత్తలేదు.

తర్వాత ఆయనకు పక్షవాతం వచ్చింది. ప్రాణం దక్కింది, మాట దక్కింది, కర్ర పట్టుకుని నడక కూడా వచ్చింది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు. వస్తుందని డాక్టరు అనలేదు, రాదనీ అనలేదు. ఆయన బండి కర్ర ఊడదీయించి, దాన్ని మంచం కిందకి తోయించి, గోడ వైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టారు. అన్నం పెడితే తినేవారు, పిలిస్తే పలికేవారు. నేనేం అన్నా ఎదురు మాట్లాడేవారు కాదు. నాకదే భయం వేసింది.

ఒకరోజు మంచం కింద నుంచి బండిని బయటికి లాగాను.

"లేవండి, గోపాలపూర్ ఎల్దాం. చక్రం మీరు తిప్పండి, చాప నాను సూసుకుంటాను."

"నీకేటి తెలుసు?"

"మీరు సెప్పండి. నోరు బాగానే ఉంది కదా!"

అలా ఒక్క రిమోటుకి ఇద్దరం తగులుకున్నాం. అది ఆయన మెడలో పట్టీకి వేలాడుతుంది. కుడి మీట మీద ఆయన చెయ్యి, ఎడమ మీట మీద నాది. ఆయన్ని ఆనుకుని నిలబడితే తప్ప అందదు. నలుగురిలో ఆయన పక్కన అంత దగ్గరగా నేనెప్పుడూ నిలబడి ఎరగను. బీచిలో పల్లీలమ్మే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వనీ, నాకేం!

సముద్రం వెనక్కి తగ్గి ఇసుక గట్టిగా ఉన్న వేళ చూసుకుని వెళ్ళేవాళ్ళం. దక్షిణపు గాలి ఒడ్డు వెంట వీస్తుంది కాబట్టి బండి దానికి అడ్డంగా, నీటి వైపూ మళ్ళీ గట్టు వైపూ పరిగెడుతుంది. ఆయన నేర్పడం మొదలుపెట్టారు. "ముందర సగం వదులుగా ఉంచు. కదిలినాక మెల్లగా బిగించు. జోరు పెరిగితే గాలి ఎదురు నుంచి కొడతాది, అప్పుడింకా బిగించాల. ఆపాలంటే పూర్తిగా వదిలీ. బ్రేకు లేదు దీనికి, తెలిసిందా?"

తెలిసింది. కానీ నేను చికిటి దగ్గర రైతుల ఇంట పుట్టినదాన్ని. నాన్న ఎడ్లబండిలో పగ్గాలు పట్టుకుని పెరిగాను. ఎడ్లు ఆగాలంటే పగ్గం లాగాలి. నీటి వైపు దూసుకుపోతున్న బండిని చూడగానే నా చెయ్యి మీటను బలంగా లాగేసింది. చాప బిగుసుకుని బండి రెట్టింపు జోరుతో వెళ్ళి అలలో పడింది.

కంగారు పడితే ఆయనకు ఒడియా వచ్చేస్తుంది. "ఛాడ్, ఛాడ్! వదిలీయే అంటే లాగుతావేటి, ఓలమ్మో!"

ఎన్నాళ్ళ తర్వాతో ఆయన నా మీద అరిచారు. తడిసిన బండిని ఎత్తుకుని వస్తూ లోలోపల ఎంత పొంగిపోయానో. మళ్ళీ వెళ్ళాం, మళ్ళీ లాగాను, మళ్ళీ ముంచాను. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు మరి.

రిమోటు అడుగున ఒక బుల్లి మీట ఉందని తర్వాత కనిపెట్టాను. దాన్ని జరిపితే ఎడమ మీట పని తిరగబడుతుంది. లాగితే తాడు వదులవుతుంది, అచ్చం నాకు అలవాటైనట్టే. "ఇదేదో ముందే సెప్పొచ్చు కదా!" అన్నాను.

"ఒద్దు. ముట్టుకోకు."

"ఎందుకొద్దు?"

"రేపు నా సెయ్యి వచ్చినాక నాకు తికమక అయిపోతాది."

నేను దాన్ని జరపలేదు. రోజూ పొద్దున్నే వంటింట్లోంచి చూస్తే, ఆయన రిమోటు ఒళ్ళో పెట్టుకుని, కుడి చేత్తో ఎడమ చేతి వేళ్ళను మీట మీద సర్దుకుంటూ కనిపించేవారు. వేళ్ళు జారిపోయేవి. మళ్ళీ సర్దేవారు. నాకు ఏడుపొచ్చేది, ధైర్యమూ వచ్చేది.

వానలు తగ్గాక ఒక ఉదయం గాలి బాగుంది. బండి గొప్పగా నడిచింది. అంతలో కుక్క అడ్డం వచ్చింది. నా పాడు చెయ్యి మళ్ళీ లాగింది. కుక్క తప్పించుకుంది గానీ బండి ఒక చక్రం మీద లేచి, తలకిందులై నీళ్ళలో పడింది.

ఆయన అరవలేదు. ఇసుకలో కూలబడి, రిమోటు మెడలోంచి తీసి నాకిచ్చారు. "ఆ అడుగుది జరిపీ. నీ సేతికి తగ్గట్టు పెట్టుకో. ఇంక నాకెందుకు?"

అంతకుముందు నేను అడిగిందే అది. కానీ ఆయన నోట వినగానే ఒళ్ళు మండిపోయింది.

"జరపను! ఎన్నిసార్లయినా ముంచుతాను, ఎన్నిసార్లయినా తిట్టండి. ఇటివ్వండి ఆ సెయ్యి."

బండిని తుడిచి నిలబెట్టి, ఆయన్ని లేపి, పట్టీ మెడలో వేశాను. ఎడమ చేతిని తెచ్చి మీట మీద పెట్టి, దాని మీద నా చెయ్యి వేశాను. చల్లగా, బరువుగా ఉంది. వేళ్ళు కదిలాయని అబద్ధం చెప్పను, కదల్లేదు.

బండి బయల్దేరింది. నీటి వైపు దూసుకుపోయింది. నా చెయ్యి ఎప్పటిలాగే లాగబోయింది. కానీ కింద ఆయన చెయ్యి ఉంది. నొప్పి తెలియని ఆ చేతిని విసురుగా లాగడానికి నాకు మనసొప్పలేదు. ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలో వదలాలని గుర్తొచ్చింది, మెల్లగా ముందుకు తోశాను. చాప టపటపా కొట్టుకుని, బండి అల అంచున నిలిచిపోయింది.

ఆయన బండినే చూస్తూ అడిగారు. "ఎవులాపినారే?"

"మీ సెయ్యే" అన్నాను.