అది సూర్యుడిదేనట, మాస్టారూ

మా అమ్మాయికి బళ్ళో సైన్సు చెప్పిన మాస్టారు జగ్గయ్యపేటలో పోయారని తెల్లవారుతూనే ఫోను వచ్చింది. నేనప్పటికే స్నానం చేసి, ఆయన దగ్గరికే బయలుదేరుతున్నాను. గుండె పట్టనంత సంతోషం నాది. అది ఆయనకే చెప్పాలి.

ముందురోజు సాయంత్రం అమ్మాయి చెప్పింది. "నాన్నా, తేలింది. అది సూర్యుడిదే! మాస్టారికి చెప్పు."

"ఫోన్లో కాదమ్మా. పొద్దున్నే వెళ్ళి, ఆయన మొహం చూస్తా చెప్తా."

మా అమ్మాయి పరాయి దేశంలో ఒక కొండ కింద సొరంగంలో పనిచేస్తుంది. సూర్యుడి నుంచి న్యూట్రినోలనే రేణువులు వస్తాయట. మన ఒంట్లోంచీ, భూమిలోంచీ దూసుకుపోతాయట. ఎప్పుడో ఒకటి అక్కడి పెద్ద తొట్టిలోని ద్రవానికి తగిలితే చిన్న మెరుపు. ఏడో తరగతితో ఆగిపోయిన నాకు ఇంత తెలిసిందంటే అది మాస్టారి చలవే.

కొన్నేళ్ళ కిందట మొదటి మెరుపు కబురు వినగానే నేను నందిగామలో మిఠాయి కొని ఊరంతా పంచాను. ఆయనకూ పట్టుకెళ్ళాను. పొట్ట పట్టుకుని నవ్వారు.

"ఏవయ్యా, రాయి మెరిసినందుకు పంచావా స్వీట్లు? ఆ కొండరాయిలో, గాలిలో, తొట్టి గోడల్లో కూడా కాస్త రేడియోధార్మికత ఉంటుంది. అదీ అట్లాగే మెరుస్తుంది."

"మరి సూర్యుడిదేదో ఎట్లా తెలుస్తుందండీ?"

పళ్ళెంలో నీళ్ళు పోసి అరుగు మీద పెట్టారు. సిమెంటు లారీ పోయింది, నీళ్ళు వణికాయి. "ఇది లారీది, తీసెయ్." దూరంగా క్వారీలో పేలుడు. "అదీ తీసెయ్. తెలిసినవన్నీ తీసేశాక మిగిలింది, సూర్యుడి నుంచి రావలసిన తీరులోనే ఉంటే, అప్పుడు మాట్లాడు."

"ఏమీ మిగలకపోతేనండీ?"

"అదీ ఒప్పుకోవాలి. ఆ ధైర్యం నీ కూతురికుంది, నీకే లేదు."

అప్పటినుంచీ నేను గడప తొక్కగానే, కూర్చోమనక ముందే అడిగేవారు: "ఈసారి ఏం తీసేసింది మనమ్మాయి?" నేను తడబడుతూ రాతిలోంచి వచ్చే ఏ రాడాన్ వాయువు పేరో చెప్తే తొడ చరిచి మురిసిపోయేవారు. అమ్మాయి పని గురించి నాతో అంతసేపు మాట్లాడిన మనిషి మరొకరు లేరు.

ఆ ఉదయం శవం దగ్గర ఎవరో అడిగారు, "మీరేమవుతారండీ?"

"మా అమ్మాయికి చదువు చెప్పారండి," అన్నాను. అంత ఏడుపులో నా సంతోషం ఎట్లా చెప్పను?

మూడోరోజు అస్థికలు కలపడానికి వాళ్ళతో వేదాద్రి వెళ్ళాను. అందరూ ఒడ్డెక్కాక మోకాలి లోతు కృష్ణలో నిలబడి, "తేలిందండీ మాస్టారూ, సూర్యుడిదేనట," అన్నాను. ఎండ చురుక్కుమంటోంది. దోసిలి చాచాను. నా చేతుల నీడ నీళ్ళ మీద పడింది. ఆ చేతుల్లోంచీ, నీళ్ళలోంచీ, అడుగు రాళ్ళలోంచీ సూర్యుడి రేణువులు నీడైనా పడకుండా వెళ్ళిపోతూ ఉన్నాయి.