బావ వంతు

పాత కంప్యూటరును తుక్కుకు వేసే ముందు, అందులో ఫొటోలేమైనా మిగిలాయేమో చూడమని నంద్యాలలో మా వీధి చివరి రిపేరు షాపులో ఇచ్చాను. ఫొటోలు లేవు. షాపతను పెన్‌డ్రైవులో ఎక్కించి ఇచ్చినదాంట్లో మా పాత ఆట ఉంది. దాంతోపాటు ‘ఆళ్లగడ్డ’ అని పేరు పెట్టి దాచిన సగం ఆట కూడా ఉంది. ఆ పేరు పెట్టింది నేనే. ఇంటికి తెచ్చాక దాన్ని తెరవడానికి నాకు పదకొండు రోజులు పట్టింది.

కోటలు, మంత్రగాళ్లు, డ్రాగన్లు ఉండే ఆట అది. ఉరుకులాట లేదు. బంగారం, కట్టె, రాయి పోగుచేసుకుని, సైన్యాన్ని పెంచుకుని, మన వంతు ముగిసిందని నొక్కితే అప్పుడు ఎదుటివాడి వంతు. మనం తొక్కని నేలంతా తెర మీద నల్లగా ఉంటుంది, వాడి కోటలో ఏముందో తెలియదు. నాతో ఆడేది మా మేనమామ కొడుకు, నాకంటే నాలుగేండ్లు పెద్ద. ఆళ్లగడ్డలో వాళ్లది విగ్రహాలు చెక్కే ఇల్లు. ఆరు రోజులు రాయి కొట్టి, ఆదివారం పొద్దున్నే బస్సు దిగేవాడు. ఎంత రుద్ది స్నానం చేసినా కనురెప్పల మీద రాతిపొడి పోయేది కాదు. మా అమ్మ పెట్టిన ఉగ్గాని, బజ్జీలు రెండు ప్లేట్లు లాగించి, “అత్తా, నీ చేతి ఉగ్గాని కోసరమే వచ్చినా, ఆటకు కాదు” అని పచ్చి అబద్ధం చెప్పేవాడు. ఇద్దరికీ ఒకటే తెర కాబట్టి, ఒకరు ఆడుతుంటే రెండోవాళ్లు బయట మెట్ల మీద కూర్చోవాలి. అది బావ పెట్టిన కట్టుబాటు. “ఇగ్రహానికి కండ్లు తెరిసేటప్పుడు ఎదురుగా ఎవురన్నా నిలబడతారా? ఇదీ అంతేప్పా” అనేవాడు. ఒకసారి కిటికీలోంచి తొంగి చూశానని చెప్పుల్లో కాళ్లు పెట్టుకుని వెళ్లిపోయి, రెండు ఆదివారాలు రాలేదు మహానుభావుడు. ఆ తర్వాత నేను ఎప్పుడూ చూడలేదు.

మా మామ కాలంలో ఉలీ సుత్తే. బావ కాలానికి కోత మిషన్లు వచ్చాయి. మిషన్ పెడితే మనిషి కనపడనంత దుమ్ము లేచేది, మూతికి తువ్వాలు చుట్టుకుని అందులోనే పని. దగ్గు పట్టుకుంది. నంద్యాల డాక్టరు ఛాతీకి ఎక్స్‌రే తీసి చూసి, రాయి వదలకపోతే ఊపిరితిత్తులు మిగలవని మొహాన చెప్పేశాడు. నేను నంద్యాలలోనే నా స్నేహితుడి జిరాక్స్ షాపులో బావకు టైపింగ్ పని మాట్లాడిపెట్టాను. మామ ఒప్పుకోలేదు. “దగ్గు రాని శిల్పి యాడుండాడు? తాతలనాటి పని ఇడ్సిపెట్టి కాయితాలు గీకుతాడా?” అన్నాడు. తండ్రి మాటకు బావ ఎదురుచెప్పే రకం కాదు. అయితే మామకు ఇంకో పట్టింపు ఉంది. ఇచ్చిన మాట తప్పినవాణ్ణి ఆయన గడప తొక్కనివ్వడు. పందెం ఓడితే మాట కోసం ఆయనే బావను పంపక తప్పదని నేనే పందెం కట్టాను. ఈ ఆట నేను గెలిస్తే బావ రాయి వదిలి నంద్యాలకు వచ్చెయ్యాలి. బావ నా మొహంలోకి చూసి, “సరే. నేను గెలిస్తే మల్లా ఆ మాట ఎత్తగూడదు” అన్నాడు.

అంతవరకు నేను బావ మీద ఒక్క ఆటా గెలవలేదు. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడాను. కోట దాటకుండా ఆరు ఆదివారాలు సైన్యాన్ని కూడబెట్టాను. మెట్ల మీద నుంచి దగ్గు వినపడుతూనే ఉండేది. వంతు మారేటప్పుడు, “ఏందిరా, ముసలెద్దు మాదిరి నడుస్తాండావ్? బేగా రా నా కోటకాడికి!” అని ఎగతాళి చేసేవాడు. నన్ను ఉచ్చులోకి లాగుతున్నాడనుకున్నాను. ఏడో ఆదివారం బావ రాలేదు. ఆసుపత్రిలో చేర్చారన్నారు. వానలు మొదలయ్యేలోపు పోయాడు. మామ ఆ మిషన్ మీద గోనెపట్టా కప్పాడు, మళ్లీ తీయలేదు.

మొన్న ఆట తెరిస్తే నా వంతే ఉంది. ఏమీ కదపకుండా ముగించాను. ఎర్ర రంగు వంతు అని తెర మీద వచ్చింది. ఎర్ర రంగు బావది. అలవాటు ఎంత చెడ్డది! లేచి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాను. లోపల ఎవరూ లేరని గుర్తొచ్చేసరికి కొంతసేపు పట్టింది. తిరిగొచ్చి, జీవితంలో మొదటిసారి బావ వంతు తెరిచాను.

కోటలో ఒక్క సైనికుడూ లేడు. బంగారం, రాయి కుప్పలుగా పడి ఉన్నాయి, దేనికీ ఖర్చు పెట్టలేదు. ఉన్న సైన్యాన్నంతా పంపించేసి, తన వీరుణ్ణి ఒంటరిగా సముద్రం ఒడ్డున ఎక్కడో మూలన నిలబెట్టాడు. నా కోట నుంచి ఆ కోటకు ఆటలో రెండు రోజుల నడక. నేను ఒక గుర్రాన్ని పంపినా చాలు, గెలిచేవాణ్ణి. తండ్రి ముందు తలెత్తుకుని “పందెం ఓడినా నాయనా, పోవాల” అని చెప్పడానికి బావ ఆరు ఆదివారాలు తలుపులు బార్లా తెరిచిపెట్టి నాకోసం కూర్చున్నాడు. నా పిరికితనం మీద నాకు అసహ్యమేసింది. గట్టిగానే ఏడ్చాను.

ఆ ఆటలో మనం నొక్కేదాకా రోజు గడవదు. బయట కూడా రోజులు అట్లాగే నా వంతు కోసం ఆగి ఉంటాయనుకున్నాను.