రెండు చానళ్లు, పన్నెండు ఊళ్లు

ఇంజనీరింగు చదువుతున్న మా అక్క మనవరాలు మొన్న నందిగామలో మా ఇంటికి వచ్చి, తన ప్రాజెక్టు వినమని నన్ను కూర్చోబెట్టింది. ఖాళీగా ఉన్న చానల్‌ను తనే వెతుక్కుని, సిగ్నల్ బాగుంటే ఎక్కువ సమాచారం, బలహీనపడితే కొంచెమే, అదైనా చెదరకుండా పంపే తెలివైన రేడియో అట. ఈ పని మీ అమ్మమ్మ ఎప్పుడో చేసిందే అంటే, వేళాకోళం అనుకుంది పిల్ల.

తొంభైలలో నేను జగ్గయ్యపేటలో టెలిఫోను మెకానిక్‌ని. వత్సవాయి వైపు పల్లెలకు అప్పటికి తీగలు పడలేదు. పన్నెండు ఊళ్లకు ఊరికొక రేడియో ఫోను, అన్నిటికీ కలిపి రెండే చానళ్లు. రెండు ఊళ్లవాళ్లు మాట్లాడుతుంటే మూడో ఊరివాళ్లు కాచుకోవలసిందే. గాలివానకు ఏరియల్ కాస్త పక్కకు తిరిగిందా, చెవిలో గరగర తప్ప మరేమీ ఉండేది కాదు. అందుకని ఊరూరా తిరిగి, లైను బాగుంటే కబుర్లు చెప్పుకోండి, గరగరమంటే మాత్రం ముఖ్యమైన మాట ఒక్కటే మూడుసార్లు అనండి అని నేర్పేవాణ్ణి.

ఆ ఊళ్లలో ఒకటి మా అక్క అత్తవారి ఊరు. ఆమె గృహప్రవేశం నాడు విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి, పక్క ఊళ్లో ఫోను మూగబోయిందని కబురొస్తే మెతుకు ముట్టకుండా లేచిపోయాను. పని పిచ్చి అనండి, బుద్ధి తక్కువ అనండి. అక్క ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. ఒక్కగానొక్క అక్క. ఆ ఎనిమిది నెలలూ నాకు తిన్నది ఒంటబట్టలేదు.

ఓ ముసురు రోజు మధ్యాహ్నం ఆఫీసులో ఫోను ఎత్తితే అక్క గొంతు. దాచుకున్న తిట్లన్నీ వరసపెట్టి అందుకుందని తెలుస్తోంది గానీ, ఆ గరగరలో ఒక్కటీ చెవిన పడలేదు. అలవాటు కొద్దీ, “అక్కా, లైను బాలేదు, ముఖ్యమైందొక్కటే చెప్పు!” అని అరిచాను. గరగర ఒక్కటే మిగిలింది. పెట్టేసిందేమో అనుకున్నాను. తర్వాత, నేను నేర్పినట్టే, ఆగి ఆగి మూడుసార్లు అంది. “అన్నానికి రారా. అన్నానికి రా. రా.”

సాయంత్రం బస్సుకే వెళ్లాను. వినపడకుండా పోయిన తిట్లన్నీ గోంగూర పచ్చడితోపాటు కొసరి కొసరి వడ్డించింది. కారం నెపంతో కళ్లు తుడుచుకున్నాను.

ఇప్పుడు అక్కా నేనూ రోజూ వీడియో కాల్‌లో మాట్లాడుకుంటాం. గరగర లేదు, కాచుకోవడం లేదు. మోకాళ్ల నొప్పులు, మందులు, పక్కింటివాళ్ల సంగతులు అన్నీ అవుతాయి. ఆ ఊరు ఇక్కడికి ఎంతో దూరం కూడా కాదు. నిన్న గంటసేపు మాట్లాడుకున్నాం. రమ్మని ఆమె అనలేదు, వస్తానని నేనూ అనలేదు.