చుక్కలున్న పాస్‌పోర్ట్ నంబరు

అమీర్‌పేటలో వీసా ఇప్పిస్తామనేవాళ్లు మెట్రో పిల్లర్‌కి ఒకరు చొప్పున దొరుకుతారు. తనంతట తాను వచ్చిన వీసాని క్లాసు మధ్యలో నిలబెట్టి, పిల్లలతో చప్పట్లు కొట్టించి మరీ తిట్టి పంపింది మాత్రం నేనొక్కదాన్నే అయ్యుంటాను! నవ్వండి, నవ్వండి. టీ చల్లారేలోపు మొత్తం చెప్పేస్తా.

నా ఉద్యోగం మీకు తెలుసుగా. పంజాగుట్టలో ఆఫీసు, సైబర్ సెక్యూరిటీ. పొద్దంతా దొంగ మెయిల్స్ ఏరుతూ కూర్చోవడం. బియ్యంలో రాళ్లు ఏరినట్టే, కాకపోతే మా బియ్యంలో రాళ్లే ఎక్కువ. సాయంత్రాలు అమీర్‌పేటలో ఇమ్రాన్ భాయ్ నడిపే ఇన్‌స్టిట్యూట్‌లో అదే సబ్జెక్టు చెబుతాను.

అసలు ఈ లైన్లోకి రావడానికి కారణం మా మమ్మీ. రిటైరైన కొత్తలో ఒకడు బ్యాంకు నుంచి అని ఫోన్ చేస్తే, పాపం, ఓటీపీ చెప్పేసింది. పోయిన డబ్బు కంటే, "నర్సుగా అంత సర్వీసు చేసి గింత తెల్వి లేకపాయె నాకు" అని ఆవిడ కుమిలిపోవడం చూడలేకపోయాను. ఆ రోజు నుంచి మమ్మీకి నేనే ట్రైనింగ్. ఎవరు ఫోన్ చేసినా నిజం చెప్పకు, లింకు నొక్కకు. పొద్దున టిఫిన్ దగ్గర ఒకసారి, రాత్రి ప్రార్థన అయ్యాక ఒకసారి.

ఇక వీసా సంగతి. విదేశంలో ఒక సెక్యూరిటీ కంపెనీలో ఏడాదిపాటు ట్రైనీగా పని నేర్చుకోవాలని నాకెప్పటి నుంచో పిచ్చి. దానికి ఎక్స్‌ఛేంజ్ వీసా అని ఉంటుంది. అయితే కంపెనీ ఒప్పుకుంటే సరిపోదు. మధ్యలో స్పాన్సర్ అని ఒక సంస్థ ఉంటుంది. వాళ్లు మనతో మాట్లాడి, మనం అసలు మనుషులమేనని నమ్మి, కాగితం ఇస్తేనే వీసా ఆఫీసు గడప తొక్కేది. స్పాన్సర్ కోసం వెతుకుతున్నానని తెలిసిందో లేదో, అమీర్‌పేట కన్సల్టెన్సీలన్నీ నా మీద పడ్డాయి. "మేడమ్, స్పాన్సర్ మనోడే, జర ఫీజు కట్టుండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి!" రోజూ ఇదే పాట. విసుగొచ్చి మెయిల్‌లో ఒక ఫిల్టర్ పెట్టుకున్నా. వీసా, స్పాన్సర్, పాస్‌పోర్ట్, ఈ మూడింట్లో ఏ మాట కనబడినా మెయిల్ సరాసరి చెత్తబుట్టలోకి. అబ్బ, ఎంత ప్రశాంతత!

ఆ తర్వాత నేనే స్వయంగా వెతికి, నానా తంటాలు పడి, ఒక మంచి కంపెనీని ఒప్పించాను. వాళ్లు నా ఫైల్‌ని అసలైన స్పాన్సర్‌కి పంపారు. ఈ ఏడాదికి మిగిలింది ఆ ఒక్క సీటే. ఇక స్పాన్సర్ మెయిల్ కోసం రోజూ ఎదురుచూడటమే పని. ఫిల్టర్ తీసెయ్యాలన్న సంగతి గుర్తుందా? ఉంటే మీకీ కథెందుకు!

మొన్న మంగళవారం సాయంత్రం. పాఠం ఏంటో తెలుసా? ఫోన్లో మోసగాళ్లని పట్టుకోవడం ఎలా! సరిగ్గా అప్పుడే నా ఫోన్ మోగింది. విదేశీ నంబర్.

"హలో, నేను కెవిన్‌ని. మీ వీసా స్పాన్సర్ ఆఫీసు నుంచి. కొన్ని వివరాలు సరిచూసుకోవాలి" అన్నాడు. ఇంగ్లీషులోనే అనుకోండి.

నాకు పండగే పండగ! ఫోన్ స్పీకర్లో పెట్టి, నోటి మీద వేలేసి, "లైవ్ డెమో" అని పిల్లలకి సైగ చేశా. వెనక నిలబడ్డ ఇమ్రాన్ భాయ్ గబుక్కున రికార్డింగ్ మొదలెట్టాడు. అమీర్‌పేటలో డెమో క్లాసు అంటే కెమెరా ఉండాల్సిందే, లేకపోతే కొత్త బ్యాచ్ నిండదు.

"మీ పుట్టినరోజు?"

"డిసెంబర్ ఇరవై ఐదు. పశువుల పాకలో పుట్టాను" అన్నా. ఈ మాట మమ్మీ చెవిన పడితే వీపు విమానం మోతే.

"ఊరు?"

"మాసబ్ ట్యాంక్ ఫ్లైఓవర్ కింద."

అటువైపు టకటకా టైప్ చేసుకుంటున్న చప్పుడు. పిల్లలు నోళ్లు మూసుకుని నవ్వుతున్నారు.

"పాస్‌పోర్ట్ నంబర్?"

బోర్డు మీద నేను నిన్నటి క్లాసులో రాసిన ఐపీ అడ్రసు కనబడింది. సగం ఇళ్లలో వైఫై డబ్బాకి ఉండే నంబరే. తీరిగ్గా చదివా. "వన్ నైన్ టూ డాట్ వన్ సిక్స్ ఎయిట్ డాట్..."

"మధ్యలో చుక్కలున్నాయా?" అన్నాడు పాపం.

"ఉన్నాయి సర్, కొత్త మోడల్."

క్లాసు గొల్లుమంది. కెవిన్ మాత్రం చాలా ఓపిగ్గా, "చివరి ప్రశ్న. ఈ ప్రోగ్రామ్‌కి మీరెందుకు వద్దామనుకుంటున్నారు?" అన్నాడు.

"నీలాంటి దొంగల్ని పట్టుకోవడానికి!"

ఒకటే చప్పట్లు! ఈలలు కూడా! అవి సద్దుమణిగాక ఆయన నెమ్మదిగా అన్నాడు. "మీ అప్లికేషన్ వ్యాసంలోనూ అదే రాశారు. మీ అమ్మగారు ఓటీపీ చెప్పి మోసపోయిన సంగతి చదివి మా ఆఫీసులో అందరం బాధపడ్డాం. ఇప్పుడు ఆవిడ ఎలా ఉన్నారు?"

ఆ వ్యాసం స్పాన్సర్ వెబ్‌సైట్లో తప్ప లోకంలో ఇంకెక్కడా పెట్టలేదు నేను. నోరు తెరిచి సారీ చెప్పాలా? చెప్పలేదు. ఫోన్ కట్ చేశా! ఎందుకు చేశానని అడక్కండి, నాకే తెలియదు.

ఇమ్రాన్ భాయ్ మాత్రం వెలిగిపోతున్నాడు. "మస్తుగుంది మేడమ్! గా దొంగోని నోరు మూయించిన్రు! యూట్యూబ్‌ల పెడ్దమా?"

"భాయ్, వాడు దొంగోడు కాదు. నా స్పాన్సర్."

"యా అల్లా!" అని కెమెరా ఆపేశాడు.

మెయిల్ చెత్తబుట్ట తవ్వితే కెవిన్ పంపిన మెయిల్స్ వరసగా ఉన్నాయి. ఒకదాన్ని మించి ఒకటి మర్యాద! ఏడుపొక్కటే తక్కువ. ముందు ఆ ఫిల్టర్ పీకేశా. కాళ్లావేళ్లా పడినంత పని చేసి క్షమాపణ రాసి, సాక్ష్యంగా క్లాసు వీడియో కూడా పంపించా. మర్నాడు సాయంత్రం అమీర్‌పేటలో స్కూటీ తీస్తుంటే జవాబొచ్చింది. "అర్థం చేసుకున్నాం. కానీ రికార్డులో మీ వివరాలు సరిపోలేదని పడిపోయింది. మీరిచ్చిన ఎమర్జెన్సీ కాంటాక్ట్‌కి ఇప్పుడే ఫోన్ చేసి, మీరు మీరేనని నిర్ధారించుకుంటాం."

ఎమర్జెన్సీ కాంటాక్ట్ ఎవరనుకున్నారు? మమ్మీ!

ఫోన్ చేస్తే ఎంగేజ్. మళ్లీ చేసినా ఎంగేజే. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ సంగతి మీకు చెప్పాలా? అక్కడ నిలబడి దేవుడికి చేసినన్ని ప్రార్థనలు చర్చిలో కూడా చెయ్యలేదు నేను. ఎర్రమంజిల్‌లో ఇల్లు చేరేసరికి మమ్మీ గుమ్మంలోనే ఉంది, ముఖం చాటంత చేసుకుని.

"బ్లెస్సీ! ఒకడు ఫోన్ జేసిండే. ఇంగ్లీషోడు. బ్లెస్సీ నీ బిడ్డనేనా అని అడిగిండు."

"నువ్వేమన్నావ్ మమ్మీ?"

"నాకు బిడ్డనే లేదన్న!"

నేను గోడ పట్టుకున్నా.

"మల్ల మల్ల అడిగిండు. అసలు నాకు పెండ్లే కాలేదన్న!"

లోపల డాడీ టీవీ సౌండ్ తగ్గించి ఇటు చూశారు.

"ఏం బిడ్డా, పాసైతినా?" అంది మమ్మీ. ఓటీపీ పోయిన తర్వాత ఆ కళ్లలో అంత మెరుపు చూడలేదు నేను. ఎలా తిడతాను చెప్పండి? "ఫస్ట్ క్లాస్ మమ్మీ" అని వాటేసుకుని, ఆవిడ భుజం మీద ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ చేశా. తర్వాత కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పా. "అయ్యో దేవా, నా బిడ్డను నేనే కాదంటినా!" అని నెత్తి కొట్టుకుంది.

కెవిన్ నిజంగా మంచివాడండీ. వీడియో కాల్ పెట్టాడు. "చుక్కల్లేని పాస్‌పోర్ట్ తెచ్చుకోండి. మీ అమ్మగారిని కూడా, ఆవిడ ఉన్నట్టయితే" అని మెయిల్‌లో రాశాడు. మమ్మీ చర్చి చీర కట్టుకుని పక్కన కూర్చుంది. అన్నీ సవ్యంగా నడిచాయి. ఆఖరికి కెవిన్ ఆవిడని అడిగాడు, ఈమె మీ కూతురేనా అని.

మమ్మీ స్క్రీన్ మీద కెవిన్ ముఖాన్ని అనుమానంగా చూసింది. ఆవిడ నా చెవి దగ్గరకి వంగి, "ముందుగాల వాన్ని ఐడీ కార్డు చూపెట్టమను" అంది.

చెప్పక తప్పింది కాదు. కెవిన్ పడీపడీ నవ్వి, మెడలోని కార్డు తీసి కెమెరాకి ఆనించాడు. మమ్మీ కళ్లజోడు పెట్టుకుని, పేరు చదివి, ఫోటోతో ముఖం పోల్చి చూసి, అప్పుడు ఇంగ్లీషులో తీర్పు చెప్పింది. "యెస్. షీ ఈజ్ మై డాటర్."

స్పాన్సర్‌షిప్ ఓకే అయిందని, కాగితం తాలూకు లింకు పంపుతామని చెప్పారు. లింకు ఈ పొద్దునే వచ్చింది. ఇంకా నొక్కలేదు. మమ్మీ చర్చి నుంచి వచ్చాక చూసి చెబుతానంది.