ఇర్మె గోధుమ చేను

పుట్టింటివాళ్లు ముచ్చటపడి జ్ఞానప్రసూన అని పేరు పెట్టారు. కాపురమున్న అడవి పల్లె ఎర్రబోరులో జనానికి ఆ పేరు నోరు తిరగక పసునమ్మ అన్నారు, అదే స్థిరపడింది. భర్త శ్రీరంగానికి రోడ్డు పక్కన ఉప్పూ పప్పూ బట్టా అమ్మే దుకాణం. ఆవిడ గడప మీద కూర్చుని తెలుగూ, అక్కడి దోర్ల గిరిజనుల దోర్లీ, హిందీ కలగలిపి వచ్చేపోయేవాళ్లందరినీ పలకరించేది. నోరు పెద్దదే గాని మనసు అంతకంటే పెద్దది.

కాపురానికొచ్చిన కొత్తలో ఒక వానాకాలం ఆవిడకు చలిజ్వరం పట్టుకుంది. మందు కోసం కొంటా పట్నం వెళ్లిన శ్రీరంగం వాగు పొంగి అవతలే చిక్కుకుపోయాడు. అతను తిరిగొచ్చేదాకా పక్కనే కూర్చుని, తడిగుడ్డ వేసి, గంజి తాగించి ఆవిడను బతికించింది ఇర్మె. వాగు ఒడ్డున చిన్న పొలం చెక్క సాగుచేసుకునే దోర్ల మనిషి, భర్త లేడు. ఆ మేలు పసునమ్మ తలుచుకోని రోజు లేదు. బదులుగా ఏదైనా ఇవ్వబోతే ఇర్మె పుచ్చుకునే రకం కాదు.

అందుకే సర్కారు తరఫున సాగు నేర్పే గ్రామసేవక్ గోధుమ విత్తనం తెచ్చి, కొత్త పంట వేసి చూడమన్న ఏడాది పసునమ్మ ఎగిరి గంతేసింది. వానల్లో ఇర్మె ఇంట్లో గింజలు నిండుకుంటాయని ఆవిడకు తెలుసు.

"ఇర్మక్కా, ఈసారి ఉలవలు మానెయ్. నా మాట మీద ఇది వెయ్యి. వానకాలం నీకు తిండికి లోటుండదు."

"నువ్వు చెప్తే ఏస్త," అంది ఇర్మె. చలికాలం పంటంతా ఆ ఒక్క మాట మీద పెట్టేసింది.

పసునమ్మకు గోధుమ గురించి తెలిసింది సున్నా. ఆవిడది వరి పండే ఊరు, పైరంటే కాళ్ల కింద నీళ్లు నిలవాల్సిందే అని ఆవిడ లెక్క. ఇద్దరూ కలిసి వాగు నీళ్లు మళ్లించి మడి తడిపారు, మళ్లీ తడిపారు, యూరియా దండిగా చల్లారు. పైరు ఒత్తుగా లేచింది. ఓ పొద్దున చూస్తే కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చలు, చుట్టూ పసుపు అంచు. పాపం దాహమేస్తోందనుకుని ఇంకో తడి పెట్టింది మన పసునమ్మ. అగ్నికి ఆజ్యం పోసినట్టయింది. మచ్చలు పై ఆకుల వైపు పాకాయి.

కబురందుకుని సైకిల్ మీద వచ్చిన గ్రామసేవక్ బురదలో కాలుపెట్టి నెత్తి కొట్టుకున్నాడు. "అరే బహెన్‌జీ, యే ధాన్ నహీ హై!"

వరి కాదు గదా, ఈ తడికే ఆకుమచ్చ తెగులు పుట్టిందన్నాడు. పైరు ఇంకా లేతది గనుక ఇప్పుడే పట్టుకుంటే బతుకుతుందన్నాడు. నీళ్లు తీసెయ్యాలి, యూరియా ఆపాలి, మచ్చపడ్డ ఆకులు తెంపి కాల్చాలి, తను పంపే పసుపురంగు పొడి నీళ్లలో కలిపి కొట్టాలి. కింది ఆకులు పోయినా ఫరవాలేదు, వెన్ను వేసేనాటికి పై ఆకులు పచ్చగా ఉంటే గింజ నిండుతుందట.

ప్రాణం పోసిన మనిషి నోట్లో మట్టి కొట్టానే అని పసునమ్మ ఏడుస్తూ ఇర్మె దగ్గరికి వెళ్లి తప్పు ఒప్పుకుంది.

"నీదేంది తప్పు? ఇద్దరం కలిసే కదా నీళ్లు తిప్పినం," అంది ఇర్మె. కాని ఆకులు తెంపాలనేసరికి వెనక్కి తగ్గింది. ఏ పంటకైనా దాని పండుం, అంటే ఆ పంట పండుగ, జరగకముందు ఆకు తెంపితే ఊరంతటికీ కీడని అక్కడివాళ్ల నమ్మకం. గోధుమకు అసలు పండుమే లేదు. ఇక తెంపేదెప్పుడు?

పసునమ్మ ఊరి పూజారి ఆయతు దగ్గరికి పరుగెత్తింది. ముసలాయన వచ్చి చేలో గొంతుక్కూర్చుని ఆకు తిప్పి తిప్పి చూశాడు.

"ఇది మన పంట కాదే ఇర్మె, మనూరికి చుట్టమై వచ్చింది. చుట్టానికి జ్వరమొస్తే పండుం దాక ఆగుమంటమా? మంచిగైనంక దీనికి గూడ పండుం జేద్దాం."

తొలి ఆకు తనే తెంపాడు. ఆ తర్వాత ఇంటికొకరు చొప్పున ఊరంతా చేలో వంగింది. శ్రీరంగం దుకాణం మూసి మందు నీళ్లు మోస్తూ సణిగాడు. "బేరం వదిలి నాతో బిందెలు మోయిస్తన్నవు గదే!"

"ఇర్మక్క లేకుంటే నీకు పెళ్లామే లేదు. మొయ్యి!"

చేను ఆరింది. కొత్త ఆకులు మచ్చ లేకుండా వచ్చాయి. అది చూసి పసునమ్మ గట్టు మీద కూర్చుని, పట్టుకున్న ఇర్మె చెయ్యి వదల్లేదు. పల్లపు మూల ఏమీ మిగల్లేదు గాని, తక్కిన చేను ఇర్మెకు వానాకాలం తిండీ, మళ్లీ విత్తనమూ ఇచ్చింది.

అన్న మాట ప్రకారం ఆయతు పండుం చేశాడు. కొత్త గోధుమ దంచి ఉడికించి ఆకుదొప్పలో పోశాడు. చనిపోయిన పెద్దల పేర్లు పిలిచి ముందు వాళ్లకు పెట్టాలి. పిలవబోయి ఆగిపోయాడు.

"మా పెద్దలు దీన్ని ఎరగరు. పిల్చినా ఇదేందని రారు. మీ పెద్దలల్ల దీన్ని తిన్నోళ్లున్నరా, పసునమ్మా?"

ఆవిడ వంశమంతా వరన్నం తిన్నవాళ్లే. ఒక్క తల్లి మాత్రం శనివారాలు ఒక్కపొద్దుండి రాత్రికి గోధుమ రొట్టె తినేది. గోదావరి అవతల ఆ తల్లి పోయిన కబురు వానల్లో ఆలస్యంగా అందింది. కడసారి చూపు కూడా దక్కలేదు.

"మా అమ్మ తినేది," అంది పసునమ్మ. "వెంకటరత్నమ్మ."

ఆ పేరు ఆయతుకూ నోరు తిరగలేదు. అయినా కుదించలేదు. ఒక్కో అక్షరం కూడబలుక్కుని, తన పెద్దల్ని పిలిచినట్టే గట్టిగా పిలిచి దొప్ప నేల మీద పెట్టాడు. ఊరంతా తలవంచింది. మేలుకు బదులు తీర్చుకుందామని బయల్దేరిన పసునమ్మ ఇంకా పెద్ద మేలు పుచ్చుకుని నిలబడింది. కొంగు తడిసిపోయింది.

ఇర్మె ఇంకో దొప్ప తెచ్చి ఆవిడ చేతిలో పెట్టింది.

"మీ అమ్మ తిన్నది. ఇగ మనం తిందం, రా."