పోయి రా తల్లీ

మాది ఎమ్మిగనూరు. మా ఆయన బట్టల మూటలు వేసుకొని ఊళ్లు తిరిగిన పాత అంబాసిడర్‌ని ఏళ్ల తరబడి గీత పడకుండా చూసుకున్నాడు. పొద్దున్నే మగ్గం దగ్గర మిగిలిన ముక్కగుడ్డతో దాన్ని తుడవనిదే టీ తాగేవాడు కాదు. మొన్న వేసవిలో ఇంకో మగ్గం వేయడానికి బండి నిలిపే షెడ్డు కావాల్సి వచ్చి, కారు అమ్మేసినాము.

ఆదోని నుంచి ఒక పెద్దమనిషి వచ్చినాడు. ఇంజిన్ చప్పుడు విని మురిసిపోయినాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినాము. కారు కదులుతుంటే అలవాటు కొద్దీ నా నోరు జారింది. "పోయి రా తల్లీ" అనేసినాను.

పెద్దమనిషి కారు ఆపి దిగినాడు. "అమ్మిన బండిని మళ్లీ రమ్మంటివేమక్కా? మనసు ఒప్పలేదా?" అన్నాడు.

మా ఆయన తల వంచుకున్నాడు. నేను సిగ్గుపడతానే, "మా ఇంట్ల ఎవురినీ ఉత్త 'పో' అని పంపలేదప్పా" అన్నాను.

పెద్దమనిషి తాళంచెవి మా ఆయన చేతిలో పెట్టినాడు. "అట్లయితే ఆదోని దాకా నువ్వే తోలన్నా. నేను పక్కన కూసుంటా."

సాయంత్రం మా ఆయన భుజాన ముక్కగుడ్డతో బస్సు దిగి వచ్చినాడు. చాన్నాళ్లు ఆ షెడ్డు వైపు పోలేదు. కొత్త మగ్గం దిగిన మర్నాడు పొద్దున టీకి పిలిస్తే పలకలేదు. పోయి చూస్తే, అదే గుడ్డతో మగ్గం కట్టెలు తుడుస్తాండాడు.

నేను రమ్మన్నది వచ్చిందనిపించింది.